గుండు పోసిన చేతులు

1940లో కొమురం భీము నేలకొరిగిన జోడేఘాట్ కొండలను తలచునపుడెల్లను వీరుల నామములే స్మృతికి వచ్చునుగాని, ఈ అడవులలో మూతినుండి మందు కూరు భర్మారు తుపాకికి గుండు పోసిన హస్తకౌశలమును మనము స్మరింపము. 327 డిగ్రీల వేడిమికే ద్రవించు సీసమును ఇనుపగరిటెలో కరగించి, పటకారువలె విచ్చుకొను చేతియచ్చులోనికి సన్నని ధారగా వంచి, గడ్డకట్టిన పిదప తోక కత్తిరించి గుండును వెలికితీయుట సామాన్యవిద్య కాదు. అచ్చు చల్లగానుండెనా, గుండుపై ముడుతలు తేలును. ఇత్తడి పోత దీనికి భిన్నము: జైనూరు మండలమందలి ఉషేగాఁవున ఓజా లోహశిల్పులు ప్రతి ఇత్తడి బొమ్మకును ఒక మైనపు రూపును కరగించి పోగొట్టుకొందురు. గుండ్ల పోతలోనో, ఒక్క అచ్చే వందల గుండ్లను కనును. ఆ ఇత్తడి పనితనమునకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది; గుండ్ల విద్యను మాత్రము మనము తలపము. గుండ్ల విద్యను వేటకై పునరుద్ధరింపుడని నేననను. సీసపు పొగ విషము, వేట వన్యప్రాణులకు మృత్యువు. కాని ఆ అచ్చులను ఇండ్ల మూలల త్రుప్పు పట్టనీయక జోడేఘాట్ ప్రదర్శనశాలలో నిలుపవలెను; ఆ పని నెరిగిన వృద్ధులు జీవించియుండగనే వారి మాటలను వ్రాసికొనవలెను.