మోదుగ - పాచి

ఫాల్గుణమాసంలో మామిడిపల్లి వైపు రాతినేలల్లో, ఆకులన్నీ రాల్చి నిలువెల్లా ఎర్రబారిన మోదుగను చూచి ఆగని బాటసారి ఉండడు. వర్షాకాలంలో మన కళాశాల వెనుకగోడను పచ్చగా కప్పే పాచివద్ద ఆగేవారు మాత్రం లేరు. ఆగినా, గీకివేయడానికే.

మోదుగకు భాషలు ఎన్ని పేర్లిచ్చాయి! సంస్కృతంలో పలాశము, కింశుకము. ఉర్దూలో చెట్టు ఢాక్, పువ్వు టేసూ. 'ఎక్కడికి పోయినా మోదుగకు మూడే ఆకులు' అని మనమంటే, ఉర్దూవారూ ఢాక్ మూడాకుల సామెతనే చెబుతారు. పాచి సంగతి వేరు. ఆ మాటకు కడగనిదనే అర్థం అంటుకొన్నది: పాచిముఖం, పాచిపని. ఉర్దూలోని 'కాయీ' కూడ తుడిచివేయదగినదానికే పేరు.

తరగతిలో పాఠంగా చదివే ఫ్యునేరియా హైగ్రోమెట్రికా అటువంటి మొక్కయే. దానికి నిజమైన వేళ్లు లేవు. పూవు లేదు, విత్తనం లేదు. అయితే సన్నని కాడ కొననున్న గుళిక మూతిలో పదహారేసి దంతాల వరుసలు రెండున్నాయి. అవి గాలిలోని తేమనుబట్టి కదలుతూ సిద్ధబీజాలను కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. కాలిన నేలపై ముందుగా మొలిచే మొక్కలలో ఇదొకటి.

ఇంతమాత్రాన పాచిని వినయానికి ప్రతీకగా పొగడడం నాకు సమ్మతం కాదు. పాచి మోదుగ కాలేక మిగిలిపోయిన మొక్క కాదు. ఎండను ఎదుర్కొనే మార్గాలే వేరు. మోదుగ ఆకులు రాల్చి, లోతైన వేళ్లతో నిలుస్తుంది. గోడలపై పెరిగే అనేక మాస్ జాతులు తామే ఎండి ఊరకుండి, చినుకు పడగానే తేరుకొంటాయి. రెండింటికీ ఒకే కొలబద్ద తగదు.

విద్యార్థులపట్ల మనం వాడుతున్నది ఆ ఒక్క కొలబద్దనే. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనవారి ఛాయాచిత్రాలు ఈ సంచికలో అచ్చవుతాయి, అది న్యాయమే. కాని ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు - ఈ మూడింటి నడుమ నిలదొక్కుకొని చదువు మానని విద్యార్థికి 'నీవూ ఒకనాడు పూస్తావులే' అన్న ఓదార్పు తప్ప మనమేమిస్తున్నాము? ఆ నిలదొక్కుకొనడమే ఒక సాధన. దానిని పేరు పెట్టి గుర్తించాలి.

పాలకవర్గమువారికి రెండు మనవులు. పాఠాన్ని తోటివారికి వారి భాషలో విడమరచి చెప్పే విద్యార్థులకు వార్షిక బహుమతులలో చోటు కల్పించండి. వెనుకగోడకు సున్నం వేయించేటప్పుడు ఒక మూరమేర విడిచిపెట్టించండి. వానలు పడగానే మన వృక్షశాస్త్ర విద్యార్థులు భూతద్దాలు పట్టుకొని అక్కడ ఆగుతారు.