ఒకటో తారీఖున ఇంకో ప్రశ్న

నెలనెలా ఒకటో తారీఖున విజయవాడ భవానీపురం సందుల్లో వార్డు సచివాలయం ఉద్యోగులు తలుపులు తడతారు. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 రూపాయలు చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని పక్కింటికి వెళ్తారు. పెంచిన ఈ పింఛను 2024 జులై 1 నుంచి ఇస్తున్నారు. అన్ని రకాల పింఛన్లూ కలిపితే రాష్ట్రంలో 60 లక్షల మందికి పైనే. ఒకటో తారీఖు సెలవైతే ముందు రోజే వస్తారు. ఇంతమంది పెద్దవాళ్ల గడప దగ్గరికి ప్రభుత్వం ఇంత క్రమంగా వెళ్లడం మామూలు విషయం కాదు. ఆ రెండు నిమిషాల్లో డబ్బుతో పాటు ఒక మాట కూడా అడగాలని నా కోరిక. "మామ్మగారూ, ఈ నెలలో మీరు ఎవరింటికైనా వెళ్లారా? మీ ఇంటికి ఎవరైనా వచ్చారా?"

ఈ ప్రశ్న ఎందుకో తెలియాలంటే ఏదైనా క్లినిక్ ముందు సాయంత్రం పూట అరగంట కూర్చోండి. నిద్ర పట్టట్లేదు, ఒళ్లంతా పోట్లు, గుండె దడ, అన్నం సయించట్లేదు అంటూ వచ్చే పెద్దవాళ్లు కనిపిస్తారు. ఈసీజీ బాగానే ఉంటుంది. ఒక బీకాంప్లెక్స్ సూది, గ్యాస్ మాత్ర, నిద్ర మాత్ర. పది రోజులకు మళ్లీ అదే బల్ల మీద అవే బాధలు. వాళ్లలో ఒకావిడ భర్త పోయాడనీ, కొడుకు డాలస్‌లో ఉన్నాడనీ, పగలంతా టీవీ గొంతు తప్ప ఇంకో గొంతు వినపడదనీ డాక్టరుకు తెలుసు. తెలిసి మాత్రం చీటీ మీద ఏం రాస్తాడు? బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు.

ఒంటరితనం అంటే పనీపాటా లేనివాళ్ల దిగులని కొట్టిపారేయడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఇది పీడిస్తోంది. ఏటా 8.71 లక్షల మరణాలకు దీనితో సంబంధం ఉందని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, షుగరు ముప్పు పెరుగుతుందని కూడా ఆ నివేదిక చెప్పింది.

ఇంగ్లండులో ఇందుకోసం ఒక పద్ధతి పెట్టారు. దాని పేరు సోషల్ ప్రిస్క్రైబింగ్. 2019లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ తన దీర్ఘకాల ప్రణాళికలో దాన్ని చేర్చి, లింక్ వర్కర్లను నియమించడం మొదలుపెట్టింది. ఈ బాధ మందుతో తీరేది కాదని డాక్టరుకు అనిపిస్తే రోగిని లింక్ వర్కర్ దగ్గరికి పంపుతారు. ఆ మనిషి తీరిగ్గా కూర్చుని కష్టం వింటుంది. తోటపని చేసేవాళ్లతోనో, పాటలు పాడుకునేవాళ్లతోనో కలుపుతుంది. బాధ అప్పులదైతే అప్పుల సలహా కేంద్రానికి పంపుతుంది. అవసరమైతే మొదటి రోజు తానే వెంట వెళ్తుంది.

ఇదేదో సర్వరోగ నివారిణి అని నేను అనను. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఇలాంటి 15 కార్యక్రమాల ఫలితాలను పరిశీలించినవాళ్లు, చేసిన అధ్యయనాలు చిన్నవనీ, వాటిని పట్టుకుని గట్టిగా ఏదీ తేల్చలేమనీ రాశారు. అంతకంటే బలమైన రుజువు జింబాబ్వే నుంచి వచ్చింది. సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న ఆ దేశంలో డిక్సన్ చిబండా అనే డాక్టరు 2006లో వాడల్లోని అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్ల వేసి కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్ల మాట వినడం, ఒక్కో సమస్యకు దారి వెతకడం, తర్వాత తోటివాళ్ల బృందంలో చేర్చడం వాళ్ల పని. మామూలు వైద్యం పొందినవాళ్లతో పోలిస్తే ఈ అమ్మమ్మలతో మాట్లాడినవాళ్లు ఆరు నెలల తర్వాత బాగా తేరుకున్నారని 2016లో జామా పత్రికలో వచ్చింది.

అంత దూరం పోనక్కర్లేదు, మన ఉమ్మడి పశ్చిమ గోదావరిలోనే చూడొచ్చు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడి 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, దిగులు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించడం నేర్పారు. గుర్తించినవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపించి, తర్వాత ఎలా ఉన్నారో కనుక్కున్నారు. మానసిక వైద్యం అందుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగినట్టు 2017లో ప్రచురించారు.  రోజూ కనపడే ఆశా అడిగింది, వాళ్లు చెప్పారు.

మనుషులను ఒకచోట చేరిస్తే ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఇంగ్లండు చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చింది అక్షరాల కోసం. అక్కడ ఒకరి ఇంటి గోడు ఇంకొకరు విన్నారు. 1992లో సారా పాకల మీదికి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. మన కృష్ణా డెల్టాలోనే 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపించారు. గ్రంథాలయానికి రాలేనివాళ్ల దగ్గరికి గ్రంథాలయమే వెళ్లింది.

మరి ఈరోజు భవానీపురంలో ఏముంది? చాలానే ఉంది. వీధివీధికీ మెప్మా పొదుపు సంఘాలున్నాయి. కానీ ఆ కూడికల్లో మాటంతా వాయిదాల గురించే. వయసు మీద పడి అప్పు అక్కర్లేని మనిషికి అక్కడ చోటూ ఉండదు. పార్కులున్నాయి, కృష్ణ ఒడ్డున ఘాట్లున్నాయి. గ్రంథాలయాల కోసం మనం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు సెస్సు కడుతూనే ఉన్నాం. 1969 నుంచి ఆడవాళ్ల కోసం పనిచేస్తున్న వాసవ్య మహిళా మండలి ఇదే నగరంలో ఉంది. డాక్టరు ఉన్నాడు, సంఘం ఉంది, పార్కు ఉంది. డాక్టరు గదిలోంచి పార్కు బెంచీ దాకా వెంట నడిచే మనిషే లేదు. చేతికర్ర లేనివాడికి ఎదుటి గట్టు ఎంత దూరమో, భర్త పోయినావిడకు కొత్త గుంపు అంత దూరం. "పార్కుకెళ్లి నలుగురితో కలవండమ్మా" అని చెప్పి ఊరుకుంటే ఆవిడ వెళ్లదు.

ఒంటరిగా ఎవరున్నారో అడిగి రాసుకుంటే ఆ వివరాలు ఇంకో పనికీ అక్కరకొస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, జక్కంపూడి, భవానీపురం పరిసర కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అలాంటప్పుడు కింది అంతస్తులో మంచం దిగలేని మనిషి ఎక్కడున్నారో పడవ వాళ్లకు చెప్పాల్సింది పక్కింటివాళ్లే. ఒంటరిగా ఎవరున్నారో తెలిసిన వీధిలో పడవ నేరుగా ఆ ఇంటికి వెళ్తుంది.

అభ్యంతరాలు నాకూ తెలుసు. సచివాలయం సిబ్బంది ఇప్పటికే సర్వేలతో అలసిపోయారు. అందుకే వాళ్ల పని అడిగి, రాసుకోవడంతో ముగియాలి. వెంట ఉండే పని పొదుపు సంఘం ఆర్పీకో (రిసోర్స్ పర్సన్), ఆశాకో అప్పగించి, దానికి వేరే డబ్బు ఇవ్వాలి. ఆశాలకు నెలకు 10 వేలిచ్చి అన్ని పనులూ వాళ్ల నెత్తినే పెట్టే అలవాటు మానుకోవాలి. అసలైన జబ్బుకు మందు తప్పదు. చనిపోవాలనిపిస్తోందన్న మనిషిని భజనకు పంపడం నేరం. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది, అక్కడికి కలపాలి. అద్దె కట్టలేక నిద్ర పట్టనివాడికి యోగా క్లాసు చెప్పడం వెక్కిరింతే. వాడికి కావాల్సింది పని, లేకపోతే రావాల్సిన పథకం.

ఏ గుంపు ఎవరిని రానిస్తుందన్నది వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న. గుడి మంటపంలో జరిగే కూడికకు ముస్లిం పెద్దావిడ రాలేకపోతుంది. కులం చూసి కుర్చీ వేసే సంఘం కొత్త గాయం చేస్తుంది. విద్యాధరపురం కొండ మీది ఇళ్లలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మెట్లు దిగడమే గండం, కూడికే మెట్లెక్కి రావాలి. పింఛను రాని మధ్యతరగతి ఇళ్లలో, పిల్లలు విదేశాల్లో ఉన్న ఫ్లాట్లలో ఒకటో తారీఖున తలుపు తట్టేవాళ్లు ఉండరు. వాళ్ల సంగతి క్లినిక్ నుంచీ, నెలనెలా బీపీ మాత్రలు కొనే మందుల షాపు నుంచీ మొదలవ్వాలి.

రాష్ట్రమంతా ఒకేసారి పథకం పెట్టి, ఫొటో వేసి, పేరు మార్చుకుంటూ పోవద్దు. భవానీపురంలో ఒక్క వార్డు సచివాలయం పరిధిలో ఆరు నెలలు చేసి చూడండి. అందరికీ తలుపు తెరిచి ఉండే చోట్ల జాబితా రాయండి. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి. పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరు ఆ మనిషి పేరును చీటీ మీద రాసే వీలు కల్పించండి. మొదటిసారి ఎంతమంది వెళ్లారన్నది కాదు, మూడో నెలలో కూడా ఎంతమంది వెళ్తున్నారో లెక్క తీయండి. ఫలితం బాగున్నా లేకున్నా జనం ముందు పెట్టండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. నగరపాలక సంస్థ కమిషనరు, ఎన్టీఆర్ జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కలిసి ఒక్క పేజీ ఉత్తర్వు ఇస్తే చాలు. వచ్చే పింఛను రోజులోగా అది ఇవ్వాలని వారిద్దరినీ కోరుతున్నాను.