వాడ బడి – 7: ట్యాబ్ కులం అడగదు, సరే. టీచర్ ఏడీ?

హాస్టల్ మీటింగుల్లో మన విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. "అన్నా, ట్యాబ్ కులం అడగదు. వెనక కూర్చోమనదు. పదిసార్లు అడిగినా విసుక్కోదు. కులం చూసే టీచర్ కంటే అదే నయం కదా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయొద్దు మిత్రులారా. దీని వెనక తరాల గాయం ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ప్యూను పోస్తేనే నీళ్లు తాగిన భీమ్‌రావ్ అనే పిల్లవాడి గాయం అది. జవాబు చెబుతాను. దానికంటే ముందు ఇంకొక గొంతు సంగతి తేల్చాలి.

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. దాదాపు 4 లక్షల 60 వేల మంది పిల్లలు. వెంటనే ఏడుపులు మొదలయ్యాయి. చెడిపోతారట, గేములు ఆడతారట, పాడు వీడియోలు చూస్తారట! అన్నం ముద్ద దిగాలంటే మనవడి చేతిలో ఫోన్ పెట్టే ఇళ్ల నుంచే ఈ మాటలు. తెర వల్ల పిల్లల చదువు దెబ్బ తింటుందనే భయం ఉత్తది కాదు. స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాల వైపు తిరిగింది. ఆ చర్చ పిల్లలందరి గురించి అయితే మేమూ వచ్చి కూర్చుంటాం. మాల మాదిగ పిల్లల చేతికి వచ్చిన రోజు మాత్రమే గుర్తొచ్చే నీతి, నీతి కాదు. అక్షరం చేతికొస్తే చెడిపోతారని మన తాతలకు చెప్పిన నీతే అది.

ట్యాబ్ వల్ల లాభం ఉంది. అంబేద్కర్ రచనల ఇంగ్లీషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతున్నాయి. లైబ్రరీ లేని ఊరి పిల్లకు అది చిన్న విషయమా? చూపు లేని పిల్లలకు పాఠం చదివి వినిపించేదీ ఈ యంత్రమే. ట్యూషన్ ఫీజు కట్టలేని కూలి బిడ్డ అర్థం కాని లెక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. వీటిని వదులుకోమని మనకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ప్రశ్నకు వస్తాను.

ట్యాబ్ కులం అడగదు. కానీ అది చేతికి వచ్చే దారి పొడవునా కులం కాపలా ఉంది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9. అలాంటి దేశంలో 2020లో బడులకు తాళాలేసి ఆన్‌లైన్‌లో చదువుకోండి అన్నారు. ఇంటికి ఒకటే ఫోను. అది పొద్దున్నే నాన్నతో పాటు కూలి అడ్డా మీదికి పోతుంది. పిల్లలేమో పత్తి ఏరడానికి పోయారు. ఆ ఏడాది జూన్ 1న, ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే, కేరళ మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అక్షరాస్యతలో దేశానికే ముందున్న రాష్ట్రం అది! మరుసటి ఏడాది ఆగస్టులో జ్యాఁ ద్రెజ్ తదితరులు పేదల బస్తీల్లో, పల్లెల్లో చేసిన సర్వేలో తేలిందేమిటి? పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్న దళిత, ఆదివాసీ పిల్లలు 4 శాతం. మిగతా పల్లె పిల్లల్లో 15 శాతం. యంత్రం కులం అడగలేదు, ఫలితం మాత్రం కులం చూసే వచ్చింది.

ఇక కులం చూసే టీచర్ సంగతి. ఆ టీచర్‌కు మందు ట్యాబ్ కాదు. 1989 అట్రాసిటీ చట్టం ఉంది, నిలదీసే సంఘం ఉంది, అన్నిటికంటే మించి మన ఇంటి నుంచి వచ్చే టీచర్ ఉంది. ఎన్ని దళిత కుటుంబాల్లో మొదటి సర్కారు ఉద్యోగం టీచర్ ఉద్యోగమో మీ చుట్టూ చూసి లెక్కపెట్టండి. డీఎస్సీలో రిజర్వేషన్ ఉంది, రోస్టర్ ఉంది. పాఠాలు అమ్మే కంపెనీలో రోస్టర్ ఉందా? యాప్ వచ్చింది కదా అని టీచర్ పోస్టు ఖాళీగా వదిలేస్తే, మన పిల్లలకు చదువూ పోతుంది, మన ఇంటికి ఉద్యోగమూ పోతుంది. పస్తుతో వచ్చిన పిల్ల మొహం చూసి కనిపెట్టేది మనిషే. వారం రోజులు బడికి రాకపోతే వాడకు వచ్చి పెళ్లి ఆపేదీ మనిషే. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్‌లో మన పిల్లల కోసం బడి పెట్టాడు. పలకలు పంచి ఇంటికి పోలేదు.

ఆ ట్యాబ్‌లలో పాఠాలు ఎవరివి? బైజూస్‌వి. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పేద పిల్లల చదువును ఒక కంపెనీ చేతిలో పెడితే దాని నష్టాలకూ మన పిల్లలే పూచీ పడాలా? నల్లబల్ల ఎప్పుడైనా దివాలా తీసిందా?

కాబట్టి ట్యాబ్ కావాలా, టీచర్ కావాలా అనే బేరానికి మనం ఒప్పుకోం. రెండూ కావాలి. మన డిమాండ్లు ఇవి:

1. ముందు ఖాళీ టీచర్ పోస్టులన్నీ రోస్టర్ ప్రకారం నింపాలి. ఆ తర్వాతే యాప్‌ల మాట.

2. పాఠాలు ఎస్సీఈఆర్టీ తయారు చేయాలి, ప్రజల ఆస్తిగా ఉండాలి. అందులో వాడల భాషా, మన చరిత్రా ఉండాలి.

3. ట్యాబ్ ఇచ్చి ఫొటో దిగి పోవడం కాదు. చెడిపోతే మండలంలోనే రిపేరు జరగాలి. ప్రతి బడిలో, ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో ఉచిత ఇంటర్నెట్ ఉండాలి.

4. హాజరు పేరుతో పిల్లల ముఖాలను యాప్‌లకు ఎక్కించడం ఆపాలి. మన పిల్లలు చదువుకోవడానికి వచ్చారు, నిఘాకు కాదు.

మీ మండలంలో ఎన్ని బడులు ఒకే టీచర్‌తో నడుస్తున్నాయో, వాటిలో ఎన్ని వాడల్లో ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. చేతిలో ఉన్న ఫోనుతో ఈ వారం చేయగలిగిన మొదటి పని ఇదే.

వచ్చే భాగంలో హాస్టళ్ల మెస్ ఛార్జీల లెక్క చూద్దాం.

జై భీమ్.