హండీ కబాడీకి, ఝాడ్ బజారు నుంచి

హైదరాబాద్ చౌమహల్లా ఖిల్వత్ దర్బార్‌లో 19 బెల్జియం ఫానూసులు చూసొచ్చిన షౌక్‌తో, ఏలూరు, తాడేపల్లిగూడెంలో పదడుగుల స్లాబు ఇళ్లకీ పాతకాలపు షాండ్లియర్లు వెతుకుతున్నారు. ఆ దర్బారు ఎత్తెక్కడ, మన హాలెక్కడ! నాలుగడుగుల ఝాడ్ వేలాడితే పొడుగాటి మామూ తలకే తగులుతుంది. మనకు ఒక గాజు హండీ చాలు. అసలీ గాజు చల్లగా, బరువుగా ఉంటుంది. ఇత్తడన్న దానికి అయస్కాంతం అతుక్కుంటే లోపల ఇనుమే. పాత వైరు తప్పక మార్పించండి. కొల్లేరు వైపు తేమ ఊళ్లలో కొక్కెం తుప్పు కూడా చూసుకోవాలి.

నా బాధ వేరే. దాదీల పెంకుటిళ్లు కూల్చేటప్పుడు హండీల్ని ఇత్తడి గొలుసుతో సహా కబాడీకి తూకానికిచ్చేసి, అదే నమూనా ప్లాస్టిక్‌ది వేలకు వేలు పోసి తెస్తున్నాం. ఇది ఇస్రాఫ్ కాదా? ఆపా, కూల్చే ముందు అటక ఓసారి వెతికించండి.