గంగిరెద్దు ఆడింది.. పుస్తకమేదీ?

సంక్రాంతికి గంగిరెద్దు తలూపితే చాలు, పిల్లలు కేరింతలు కొడతారు. అదే ఎద్దు పుస్తకంలో అడుగులేస్తే మూడేళ్ల బుడతడూ పేజీ తిప్పుతాడు. అక్షరం రాకున్నా బొమ్మే కథ చెబుతుంది. ఆడటం రాదని అందరూ గేలిచేసిన జిరాఫీ చివరికి తన తీరున తాను నాట్యమాడే ఇంగ్లీషు బొమ్మల కథ 1999లో వచ్చింది. ఎన్నో దేశాల్లో పిల్లలు దాన్ని ఇష్టపడ్డారు.

తమిళం, కన్నడ, తెలుగు కలగలిసి వినిపించే ఊరిగాంలో చిక్కు వేరు. తెలుగిళ్ల పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి. అమ్మ మాట అచ్చులో కనిపించదు. 2001లో బంగారు గనులు మూతపడ్డాక పుస్తకాలు కొనడమూ చాలామందికి భారమైంది.

దారి లేకపోలేదు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు, కన్నడ బొమ్మల కథలు ఉచితం. సెల్‌ఫోన్‌లో చదవొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే. కన్నడ చదివే పిల్లలకు తెలుగు అక్షరాలు ఇట్టే పట్టుబడతాయి.

అంగన్‌వాడీలు, గ్రంథాలయాలు రెండు భాషల పుస్తకాలనూ పక్కపక్కనే పెట్టాలి. అంతదాకా పెద్దలు ఆగక్కర్లేదు. రాత్రి అన్నాలయ్యాక అమ్మో, తాతో పది నిమిషాలు బొమ్మ చూపి కథ చెప్పాలి. ఎలుగుబంటి ఎలా గెంతిందో మర్నాడు పిల్లలే తెలుగులో చెబుతారు.