వాళ్ళ లెక్కలో కలుపు, మన గిన్నెలో కూర

క్యాంపస్‌లో చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! గ్రూప్స్ మెటీరియల్‌లో ఈ ముక్క మీరు బట్టీ పట్టే ఉంటారు: కూరగాయల ఉత్పత్తిలో ప్రపంచంలో చైనా మొదటి స్థానం, భారతదేశం రెండో స్థానం. ఒక మార్కు ప్రశ్న. ఆ మార్కు తెచ్చుకోండి, వద్దనను. కానీ ఆ రెండో స్థానంలో మన గూడెం కూర ఎంత ఉందో ఎప్పుడన్నా అడిగిండ్రా?

లెక్కలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1991-92లో దేశంలో పండిన కూరగాయలు దాదాపు 5.85 కోట్ల టన్నులు. 2022-23 నాటికి అవి 21 కోట్ల టన్నులు దాటాయి. 2012-13 నుంచి పండ్లు, కూరగాయల వంటి ఉద్యాన పంటల దిగుబడి ఆహార ధాన్యాలనే మించిపోయింది. చైనా కథ ఇంకా పెద్దది. 1988లో అక్కడ 'కూరగాయల బుట్ట' అని పథకం పెట్టి, పట్నానికి కూరగాయలు అందించే బాధ్యత మేయర్ల నెత్తిన పెట్టారు. ఇవాళ ప్రపంచ కూరగాయల్లో సగానికి పైగా ఆ ఒక్క దేశానివే. ఆసియా అంతా పచ్చగా ఉందనిపిస్తుంది.

ఇప్పుడు ఆ 21 కోట్ల టన్నుల మూట విప్పి చూడండి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, టమాట. ఈ మూడే సగానికి పైగా! ఏ హాస్టల్ మెస్ కూరల గిన్నెలోకి తొంగి చూసినా ఇదే లెక్క కనపడుతుంది కదా. ఉత్పత్తి పెరగడం అంటే రకాలు పెరగడం కాదు. మూడు కూరలు మూడు కొండలంత పెరిగాయి, అంతే.

ఎందుకంటే ఉద్యాన శాఖకు కూరగాయ అంటే విత్తనం వేసి, ఎకరాల్లో కొలిచి, మార్కెట్ యార్డులో తూచేది. మనం తినేది ఆ తక్కెడ ఎక్కదు. తొలకరి పడంగనే మొలిచే గునుగు, తుమ్మి, తగిరంచ, చేనుగట్టు తోటకూర, ఎండల్లో చింతచిగురు, ముసుర్లలో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, చెంచులు తవ్వుకునే గడ్డలు, ఎండబెట్టి దాచుకునే ఇప్పపువ్వు. వీటికి ఎకరాల లెక్క లేదు, టన్నుల లెక్క లేదు. లెక్క లేనిది పోయినా, పోయినట్టు ఎవరికీ తెలియదు. బోడకాకర ఒక్కటే వానాకాలంలో తార్నాక ఫుట్‌పాత్ మీదికొచ్చి చికెన్‌తో పోటీ పడే ధర పలుకుతుంది. అప్పుడు మాత్రం అదీ కూరగాయే!

కలుపు సంగతి చెప్పాలి. పాత జొన్నచేను ఒక పంట కాదు. అందులో కంది, అనుములు, గట్టున గుమ్మడి, బీర తీగలు, వాటి మధ్య ఎవరూ వేయని గునుగు, తోటకూర. మన ఆడవాళ్ళు కలుపు తీసేటప్పుడు కొంగులో వేసుకొచ్చేది సాయంత్రం కూర. అంటే కలుపు తీయడమూ, కూరగాయలు కోయడమూ ఒకటే పని. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఆదిలాబాద్ నల్లరేగళ్ళు చూస్తుండగానే తెల్లబడిపోయాయి. జొన్న పోయింది. ఆ వెనకే గడ్డిమందు వచ్చింది. గడ్డిమందుకు గునుగు వేరు, గడ్డి వేరు అని తెలియదు. ఒక్క పిచికారీతో కలుపూ చచ్చింది, కూరా చచ్చింది. ఇప్పుడు పత్తి చేను ఉన్న ఆదివాసీ వారం సంతలో టమాట కొంటున్నాడు.

"మీరే గదా పత్తి వేసుకున్నది" అనేటోళ్ళు ఉంటారు. పట్టా లేని పోడుకు ఏ బ్యాంకు అప్పిస్తుంది? విత్తనం, ఎరువు, గడ్డిమందు అరువిచ్చే షావుకారు పత్తికే ఇస్తాడు, కొర్రకు ఇవ్వడు. అప్పు ఎవరిదైతే పంట వాడిదే అవుతుంది. దీనికి తోడు పోడు మీద 2015లో హరితహారం మొక్కలొచ్చాయి, చుట్టూ కందకాలొచ్చాయి. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. ఇండోనేషియా, మలేషియాల్లో ఆయిల్‌పామ్ తోటలు మూలవాసుల అడవులను ఎట్ల మింగాయో ప్రపంచం చూసింది. ఆ చెట్టే ఇప్పుడు అశ్వారావుపేట చుట్టూ విస్తరిస్తుంటే మనోళ్ళకు సబ్సిడీ పాంప్లెట్లు పంచుతున్నారు.

ఇక మీ హాస్టల్ గేటు బయటికి రండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో కొలిచి పుస్తకం వేసింది అదే. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలని 2024లో దేశానికి చెప్పిందీ అదే. మంచి మాట. మన అవ్వల పళ్ళెం అట్లనే ఉండేది. అక్కడి నుంచి నడిచి పోయేంత దూరంలో, ఉప్పల్ రోడ్డు మీద, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. దాని టెక్నాలజీతోనే బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. ఆ ప్లాంటును నేను తప్పు పట్టడం లేదు, కుళ్ళబెట్టడం కన్నా అది నయమే. కానీ ఒకే వీధిలో ఒక సంస్థ పళ్ళెంలో ఏం తక్కువైందో కొలుస్తుంటే, ఇంకో సంస్థ మార్కెట్లో ఎక్కువై పారబోసినదాన్ని కరెంటు చేస్తుంది. పండించలేకపోవడం మన సమస్య కాదని ఈ రెండు గేట్ల మధ్య నడిస్తేనే తెలిసిపోతుంది.

ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల్లో 'గిరి పోషణ' అని ఇక్రిశాట్‌తో కలిసి అంగన్‌వాడీ పిల్లలకు చిరుధాన్యాల ప్యాకెట్లు ఇచ్చారు. పిల్లలు తింటే సంతోషమే. అయినా అడగకుండా ఉండలేను: ఆ జొన్న, ఆ సజ్జ ఎవరి చేలల్లోంచి పోయి, ఎవరి ఫ్యాక్టరీలో ప్యాకెట్‌గా మారి తిరిగొచ్చింది?

"అయితే మీరూ పందిరి కూరగాయలు వేయండి, డ్రిప్ ఇస్తాం, పట్నానికి అమ్ముకోండి" అంటారు ఆఫీసర్లు. వేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. ఆ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్ళనూ చూడండి. థాయిలాండ్ ఉత్తర కొండల్లో హ్మోంగ్ జనం నల్లమందు పండించేవాళ్ళు. 1969లో మొదలైన రాజు గారి ప్రాజెక్టు, ఇతర పథకాలు వాళ్ళను క్యాబేజీ వైపు మళ్ళించాయి. బాగానే పండించారు. 1990లలో అదే క్యాబేజీని చూపించి, అడవి నరికారు, మా ఏటినీళ్ళు మందులతో పాడుచేశారు, వీళ్ళను కొండ దించండి అని చోమ్ థోంగ్ కింది రైతులు లేచారు. వేయమన్నవాడి మీద ఒక్క రాయి పడలేదు. ఫిలిప్పీన్స్‌లో బెంగెట్ కొండల ఇగొరోట్ జనం ఆ దేశానికి 'సలాడ్ గిన్నె' అనిపించుకున్నారు. క్యాబేజీ, క్యారెట్, ఆలు, అన్నీ వాళ్ళవే. ధర పడిపోయినప్పుడు, బయటి సరుకు దొంగదారిన దిగినప్పుడు క్యాబేజీలను రోడ్డు పక్కన పారబోసేదీ వాళ్ళే. తమ భూమి చేతిలో ఉండి కూడా ధర చేతిలో లేకపోతే గతి అది. మనకు భూమి కాగితమే సరిగా లేదు.

2012లో ఈ ఉస్మానియాలోనే బీఫ్ ఫెస్టివల్ మీద ఎంత గొడవైందో మీ సీనియర్లను అడగండి. పళ్ళెం రాజకీయమేనని దళిత విద్యార్థులు అప్పుడే తేల్చిచెప్పారు. మాంసం గురించి మాట్లాడినంత గట్టిగా మనం ఆకు గురించి మాట్లాడలేదు. రూమ్మేట్ల ముందు తగిరంచ కూర పేరెత్తడానికి సిగ్గుపడే పిల్లలు మనలో ఉన్నారు.

ఇప్పుడు పని మాట. 2023 జూన్‌లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అవి ఎవరి చేనుకు వారికిచ్చినవి. చేను దాటిన అడవి, అంటే గడ్డలు తవ్వే గుట్ట, పుట్టగొడుగులు లేచే తావు, వాటి సంగతి ఆ కాగితంలో లేదు. అటవీ హక్కుల చట్టం 2006 చదవండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వేర్లు, దుంపలు అని రాసే ఉంది. నియమాల్లో 13వది చూడండి: వేర్లు, దుంపలు, అడవి పండ్లు సేకరించే తావులు సామూహిక హక్కుకు సాక్ష్యం. పెద్దమనుషులు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. జనం ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలూ పనికొస్తాయి. 1940లలో ఉస్మానియాలో పాఠాలు చెప్పిన హైమండార్ఫ్ చెంచుల మీద 1943లోనే పుస్తకం వేశాడు. ఆంత్రోపాలజీ చదివే మన పిల్లలు దాన్ని పరీక్ష కోసమే ఎందుకు చదవాలి? గ్రామసభలో హక్కుల కమిటీ ముందు పెట్టడానికి చదవండి.

దసరా సెలవులకు ఊరికి పోతరు గదా. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అవ్వ పక్కన కూర్చోండి. ఏ కూర, ఏ నెల, ఏ వాగు పక్కన, ఇప్పుడు దొరుకుతుందా, దొరక్కపోతే ఎప్పటి నుంచి, అక్కడ ఇప్పుడేముంది: పత్తా, నీలగిరా, కందకమా? గోండీలో చెప్తే గోండీలోనే, కోయలో చెప్తే కోయలోనే రాయండి. పేరును తెలుగులోకి మార్చొద్దు. ఆ జాబితా గ్రామసభలో చదివించి, తీర్మానం చేయించి, సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బికి జత చేయండి. అటవీ హక్కుల కమిటీ నుంచి రసీదు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే, ఇవ్వననే ముక్కే కాగితం మీద రాసివ్వమనండి.