కొలత ఒకటైతేనే పోలిక

సూరత్ మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు మామూలే. ఒడిశాలోని గంజాం నుంచి, తెలంగాణ నేతపల్లెల నుంచి వలస వెళ్లినవారు అక్కడ తరాలుగా పనిచేస్తున్నారు. ఒక 16 ఏళ్ల కుర్రాడు ఆ షిఫ్టులో వారానికి ఆరు రోజులు నిలబడితే 72 గంటలు. అది ప్రమాదకరమైన పనేనా? లెక్క ఎవరిదన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 5–17 ఏళ్ల వారందరినీ లెక్కిస్తుంది. పని ఏదైనా, వారానికి 43 గంటలు చేరితే అది ప్రమాదకరమే. 2024లో ప్రపంచంలోని 13.8 కోట్ల బాల కార్మికుల్లో 5.4 కోట్ల మంది ప్రమాదకర పనుల్లో ఉన్నారని ఆ సంస్థ, యునిసెఫ్ అంచనా. మన దగ్గర తరచూ వినిపించే 2011 జనగణన సంఖ్య, సుమారు కోటి, 5–14 ఏళ్ల వారిది మాత్రమే. సూరత్ కుర్రాడు అందులో లేడు.

జాబితాలదీ ఇదే తంతు. భారత్ 2017లో ధ్రువీకరించిన 182వ ఒప్పందం ప్రకారం, ఏ పనులు ప్రమాదకరమో ప్రతి దేశమూ తానే నిర్ణయించుకుంటుంది. జాబితా చిన్నదైతే రేటు తగ్గి కనిపిస్తుంది. మగ్గాల మోత మాత్రం తగ్గదు, చెవులకు చేసే హానీ తగ్గదు.

పైగా ఇంటింటి సర్వేలో వలస పిల్లలు సొంతూళ్లోనూ, పనిచేసే ఊళ్లోనూ తప్పిపోయే అవకాశం ఎక్కువ.

అందుకే ర్యాంకుల కంటే ముందు వయసు, గంటలు, జాబితా అడగాలి. 5–17 ఏళ్ల వారి పనిగంటలను, వలస బస్తీలతో సహా, భారత్ క్రమం తప్పకుండా లెక్కించి ప్రకటించాలి. లెక్కకు రాని పిల్లవాడిని ఏ పథకమూ వెతుక్కుంటూ రాదు.